నీళ్ల గుంట

అనగనగా ఏటి ఒడ్డున ఉన్న అడవిలో గంగులమ్మ అనే ఎలుగుబంటి వైద్యం చేసేది. ఊహించి మందు ఇచ్చే అలవాటు ఆమెకు లేదు. ఒంట్లోని ప్రతి కణానికీ చిన్న చిన్న తలుపులుంటాయి. సరైన మందు తగిలితేనే అవి తెరుచుకుంటాయి. అది కంటికి కనిపించదు. అందుకని పగలు కూడా చీకటిగా ఉండే గుహలో, బండమీది రెండు గుంటల్లో రోగి నెత్తురు చుక్కలు వేసేది. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. రెండింట్లోనూ ఆమెకు సాయం చేసే మిణుగురు తన వెలుగు రసం కలిపేది. తలుపులు తెరుచుకుంటే చుక్క వెలుగుతుంది. మందు గుంట వెలిగి, నీళ్ల గుంట చీకటిగా ఉంటేనే ఆ మందు పనికొచ్చినట్టు.

ఒక ఉదయం దుప్పి తన పిల్లను తీసుకొచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"త్వరగా చూడక్కా. నిన్నటి నుంచి పాలు ముట్టలేదు" అంది దుప్పి.

గంగులమ్మ చేదాకు రసం వేసి చూసింది. రెండు గుంటలూ చీకటే. ఎర్రవేరు రసం వేసింది. రెండూ చీకటే. తీసిన నెత్తురు అయిపోయింది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. గంగులమ్మ చేతికందిన ముల్లుతో మళ్లీ నెత్తురు తీసి, ఒక్క గుంటలోనే వేసి, పసుపు పువ్వు రసం కలిపింది. చుక్క పచ్చగా వెలిగింది.

"నీళ్ల గుంట ఏది పెద్దమ్మా?" అంది మిణుగురు.

"పొద్దుట్నుంచి రెండుసార్లు పెట్టాం. నీళ్లు మూడోసారి వెలుగుతాయా ఏంటి? పక్కకి జరుగు."

పువ్వు రసం పిల్లకు పట్టించింది. మధ్యాహ్నమైనా జ్వరం దిగలేదు. అప్పుడు గంగులమ్మ అదే ముల్లుతో నెత్తురు తీసి నీళ్ల గుంట పెట్టింది. అదీ అంతే పచ్చగా వెలిగింది.

మిణుగురు ముల్లు మీద వాలి చూసింది. "దీనికి నల్లమాను బెరడు అంటుకుని ఉంది పెద్దమ్మా. నిన్న కుందేలుకు ఆ బెరడు మందు కలిపిన ముల్లు ఇది."

వెలిగించింది బెరడు. పువ్వు చేసిందేమీ లేదు. నీళ్ల గుంట పెట్టి ఉంటే అసలు మందు పొద్దున్నే దొరికేది.

గంగులమ్మ బెరడు నూరి తెచ్చింది. పిల్ల మింగలేకపోయింది. పొద్దు వాలకముందే పోయింది.

"పొద్దున వెలిగిందన్నావుగా అక్కా?" అంది దుప్పి.

గంగులమ్మ ఏమీ దాచలేదు. "వెలిగింది పువ్వు వల్ల కాదు చెల్లీ. నీళ్లు కూడా పెట్టి చూస్తే అప్పుడే తెలిసేది. నేను పెట్టలేదు."

"పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"నువ్వు ఏట్లోకి దిగి నీళ్లు తాగి వచ్చేంతసేపు."

దుప్పి తన పిల్ల మీద వాలుతున్న ఈగల్ని తలతో తోలుతూ అక్కడే నిలబడింది.

నీతి: మనం కోరుకున్న జవాబు కనిపించినప్పుడే దాన్ని మరోసారి సరిచూసుకోవాలి.