చివరి చాపల మీది పాట

పరాంకుశం గారికి శిష్యులతో వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా "చూద్దాం లేమ్మా" అనేవారు. అన్న మాట మాత్రం మరిచిపోయేవారు కాదు.

ముప్పై ఏళ్ల కిందట ఆయన దగ్గర ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్న సలోమి, ఒక ఉదయం రెండు ఫొటోలు ఆయన బల్ల మీద పెట్టింది. రెండూ ఒకే సర్పిల గెలాక్సీవి. మామూలు కాంతిలో తీసినదాంట్లో పడుచు నీలి నక్షత్రాలు పాయలు పాయలుగా సుడి తిరిగి మెరుస్తున్నాయి. కంటికి ఆనని పరారుణ కాంతిలో తీసినదాంట్లో ఆ పాయలు పలచబడి, ముసలి ఎర్ర నక్షత్రాల మసక వెలుగు పళ్లెంలా పరుచుకుని ఉంది. రెండేళ్లుగా ఆమె పని ఆ మసకతోనే.

"అందమంతా నీలంలో ఉంటే ఇందులో నేనేం వెతుకుతున్నాను సార్? విషయం మార్చుకుంటాను," అంది.

"చూద్దాం లేమ్మా," అన్నారాయన.

ఆ నెలలోనే మద్రాసులో సదస్సు ముగించుకుని ఇద్దరూ తిరిగి వస్తుంటే, బాపట్లలో రైలాగగానే ఆయన సంచీ అందుకున్నారు. "మీ ఊరిక్కడేగా? ఇవాళ ఆదివారం. మీ గుడి చూపించు."

నుదుట నామంతో చర్చిలోకి వచ్చిన మనిషిని అందరూ వింతగా చూశారు. ఆయన వెనక గోడవారగా నిలబడ్డారు. చివరి చాపల మీద ముసలమ్మల్లో రాహేలమ్మ పక్కకు జరిగింది. "ఎన్నాళ్లకొచ్చావే సలోమీ! ఇట్టా కూర్చో. మీ అమ్మమ్మ చోటిది."

అమ్మమ్మ పోయి నాలుగేళ్లు. చిన్నప్పుడు ఆ ఒళ్లో కూర్చుంటే, పాడుతున్న ఆమె గుండె అదురు సలోమి వీపుకి తెలిసేది. కాని ఆ గొంతు ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తురాలేదు.

ముందు అమ్మాయిలు కొత్త చీరల్లో మైకుల దగ్గర పాడుతున్నారు. కీబోర్డు హోరెత్తిపోతోంది. రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగిపోయారు.

అప్పుడు సలోమి చుట్టూ, చాపల మీంచి, పాట వినబడింది. బొంగురు గొంతులు, పళ్లూడిన నోళ్లు. శ్రుతి మాత్రం కదల్లేదు. మూడో చరణానికి గుడంతా ఆ గొంతుల వెంటే నడిచింది. ఇలాగే ఉండేది కాబోలు అమ్మమ్మ గొంతు అనుకుంది సలోమి. కళ్లు నిండి, తనూ పాడింది.

ఆమె విషయం మార్చుకోలేదు. ఇప్పుడు తన శిష్యులెవరైనా అదే ప్రశ్న అడిగితే, ఆ మధ్యాహ్నం ఎండలో స్టేషనుకి నడుస్తూ జరిగిన రెండు మాటలు చెప్పి ఊరుకుంటుంది.

"కరెంటు పోగానే ముసలమ్మలు భలే అందుకున్నారు కదా సార్!" అని తనందట.

పరాంకుశం గారు నడక ఆపి అన్నారట: "అప్పుడు అందుకోవడమేమిటమ్మా? వాళ్లు మొదట్నుంచీ పాడుతూనే ఉన్నారు."