కింద ఎవరు?

మా పెరట్లో మునగకొమ్మ కొట్టడానికి ఒకసారి నేనే నిచ్చెన ఎక్కాను. కాసేపటికి కొమ్మ చెట్టు మీదే ఉంది, నేను పక్కింటివాళ్ల గోంగూర మడిలో ఉన్నాను. అప్పటినుంచి చెట్ల పనికి తెలిసినవాళ్లను పిలిచి, నేను అరుగు మీద కూర్చుని కథలు రాసుకుంటున్నాను. కాబట్టి ఈ కథలో పని గురించి చెప్పినవన్నీ నేను విన్నవే, చేసినవి కావు. ధైర్యంగా నమ్మొచ్చు.

ఒక గుట్ట కింద, వాగు పక్కన, జంతువుల పిల్లలు ఆడుకునే మైదానం ఉంది. ఎండలు ముదిరేసరికి దాని చుట్టూ ఉన్న చెట్లకు ఎండుకొమ్మలు వేలాడుతుంటాయి. మొదటి గాలివానకు అవి పిల్లల నెత్తిన పడకముందే కిందికి దించాలి. ముళ్లపొదలు కొట్టి అవతల పారేయాలి. ఏనుగు పెద్దమ్మ తలుచుకుంటే ఒక్క పూటలో అన్నీ విరిచేస్తుంది గానీ, ఆవిడ తొండం వేస్తే కొమ్మతో పాటు చెట్టు కూడా వస్తుంది. అందుకని గొడ్డలి ఎలుగు చేతికిచ్చారు. ఎలుగు చెట్టెక్కి కొడుతుంది. కింద ఎద్దు కొమ్మల్ని ఈడుస్తుంది, కుందేలు ముళ్లు ఏరుతుంది.

ఈ పనికి ఒక కట్టుబాటు ఉంది. అది ఎద్దు ఎడమ కొమ్ము పోయిన ఏడాది పుట్టింది. ఆ ఏడాది మద్దిచెట్టు కొమ్మ ఒకటి చెప్పాపెట్టకుండా మీద పడితే, ఎద్దు బతికింది, కొమ్ము విరిగింది. నాటినుంచి ఎలుగు గొడ్డలి ఎత్తేముందు పైనుంచి కేకెయ్యాలి. కిందివాళ్లంతా దూరం జరిగి, ఎక్కడున్నారో ఎవరి నోటితో వాళ్లు చెప్పాలి. ఆకుల మధ్యనుంచి ఎలుగుకు కింద ఏమీ కనబడదు మరి. ఒక్కరు పలక్కపోయినా గొడ్డలి లేవదు.

"కింద ఎవరు?"

"కుందేలు, బండ వెనక!"

ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడదు. ఎద్దు నింపాదిగా వాగు దాకా నడవాలి, వెనక్కి తిరగాలి, నోట్లో ఉన్న నెమరు మింగాలి.

"ఎద్దు... వాగు ఒడ్డున!"

"కొడుతున్నా!"

పని అలా సాగుతుండగా ఆ ఏడు మేస్త్రిగా నక్క వచ్చింది. గాలివానకు ముందే పని ముగిస్తే గుట్ట మీది గుహ నీకేనని ఏనుగు పెద్దమ్మ దానికి మాటిచ్చింది. చుక్క నీరు కారని గుహ, ఎండ దూరని గుహ. నక్క రాత్రుళ్లు కలలో ఆ గుహ ఊడ్చుకుంటోంది. పగలు మాత్రం ఎద్దు నెమరు ఎప్పుడు మింగుతుందా అని చూస్తూ గోళ్లు కొరుక్కుంటోంది.

"ఏమయ్యా ఎద్దూ, వాగు దాకా ఎందుకు? ఆ రెండడుగుల అవతల నిలబడి అరవరాదూ?"

"కొమ్మ ఎంత దూరం పడుతుందో కొమ్మకే తెలీదు మేస్త్రీ."

"నీ కేక వచ్చేలోపు చెట్టే చిగురేస్తోంది."

"వేస్తే మంచిదే. కొట్టే పని తగ్గుతుంది."

ఎద్దుతో లాభం లేదని నక్క మేడిచెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ గోరింక ఒకటి ఉంది. ఎవరి గొంతు విన్నా దించేస్తుంది.

"ఎద్దు గొంతు వచ్చా?"

"ఎద్దు... వాగు ఒడ్డున!" అంది గోరింక. నెమరు మింగిన చప్పుడుతో సహా దించేసింది.

"అబ్బ! కుందేలుది?"

"అదీ వచ్చు. మేడిపళ్లు ఎవరు కోసిపెడతారు?"

"నేను పెడతా. పైనుంచి ఎలుగు ఎప్పుడు అడిగినా అందరి జవాబులూ నువ్వే చెప్పెయ్. తిన్నగా, ఆపకుండా."

"వాళ్లు నిజంగా అక్కడున్నారో లేదో చూసి చెప్పాలా?"

"చూడ్డానికి నీకు పళ్లెందుకు పెడతాను? నోటికే."

మర్నాడు నక్క కూలీలను పోగేసింది. "రోజంతా అరిచి మీ గొంతులు ఎండిపోతున్నాయి. నేను చూడలేకపోతున్నాను. ఇవాళ్టినుంచి మీ తరపున గోరింక పలుకుతుంది. మీరు తల ఎత్తకుండా పని చూసుకోండి."

"మేస్త్రి మంచోడు," అంది కుందేలు. దాని గొంతు నిజంగానే బొంగురుపోయి ఉంది.

ఎద్దు మాత్రం నెమరు ఆపింది. "నేనెక్కడున్నానో గోరింకకెలా తెలుస్తుంది?"

"నువ్వు కదిలే వేగానికి, నిన్న ఎక్కడున్నావో ఇవాళా అక్కడే ఉంటావు."

అందరూ నవ్వారు. ఎద్దు నవ్వలేదు గానీ, తలాడించి కొమ్మ ఈడవడానికి పోయింది. ఎలుగుకు ఈ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలేదు. చెట్టు మీదున్నవాడికి చెప్పాలంటే మళ్లీ అరవాలి కదా.

పని పరుగందుకుంది. కింద ఎవరని ఎలుగు అడగడం, వెంటనే జవాబులు, వెంటనే గొడ్డలి. "ఎద్దు బావకు కాళ్లొచ్చాయే!" అని ఎలుగు ముచ్చటపడింది.

ఆ మధ్యాహ్నమే నేరేడు కొమ్మ ఒకటి దిగింది. అప్పటికి గోరింక "కుందేలు, బండ వెనక!" అని చక్కగా చెప్పింది. కుందేలు మాత్రం చెట్టు మొదట్లో ముళ్లు ఏరుతోంది. కొమ్మ దాని చెవి కొసను చీల్చుకుంటూ పడింది. కుందేలు ఎగిరి పొదలో దూరింది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఎద్దు తిన్నగా నక్క దగ్గరికి పోయింది. "మేస్త్రీ, చూశావా?"

"చూశా. చెవి ఉందిగా?"

"ఈసారికి ఉంది. నేను ఎలుగుకు చెప్పేస్తాను."

"చెప్పు. పని ఆగుతుంది. ఆ ఇప్పచెట్టు మీది పెద్ద ఎండుకొమ్మ చూశావుగా? అది దిగకముందే గాలివాన వస్తుంది. దాని కింద ఆడుకునే పిల్లల తల్లులకు నువ్వే చెప్పుకో, నీ గొంతుతోనే."

ఎద్దు ఆ కొమ్మ వైపు చూసింది. పెద్ద దూలమంత ఉంది, గాలి లేకపోయినా కిర్రుమంటోంది. ఎలుగుకు చెప్పకుండానే వెనక్కి తిరిగింది. కానీ ఆ రోజునుంచి ఎలుగు కేక వినబడగానే, గోరింక ఏం కూసినా లెక్కచేయకుండా, కుందేలును ముందు తోలుకుని వాగు ఒడ్డుకు నడిచేది. నిలబడి తన జవాబు తాను చెప్పుకునేది. అప్పటికి గొడ్డలి చప్పుడు మొదలయ్యేది, ఆ జవాబు ఎవరికీ వినబడేది కాదు. అయినా చెప్పేది.

నక్కకు మాత్రం మరో ఆలోచన వచ్చింది. అందరి జవాబులూ గోరింకే చెబుతున్నప్పుడు, మేస్త్రి మాత్రం ఎండలో నిలబడి ఎందుకు అరవాలి?

"నా గొంతు కూడా పట్టెయ్. 'మేస్త్రి, వాగు అవతల! కొట్టు కొట్టు, వాన వస్తోంది!' అంతే."

"దీనికి పళ్లు ఎక్కువవుతాయి," అంది గోరింక. "మేస్త్రి గొంతు కదా, బరువు."

పళ్లు ఎక్కువే ఇచ్చింది నక్క.

చివరి రోజు పడమట మబ్బు పట్టింది. మిగిలినవి రెండే చెట్లు, నల్లమద్ది ఒకటి, ఇప్ప ఒకటి. ఎలుగు నల్లమద్ది ఎక్కడం చూసి, ఇక సాయంత్రం దాకా దిగదులే అనుకుంది నక్క. రాలిన ఇప్పపూలు నాలుగు దోసిళ్లు నమిలి, ఆ చెట్టు నీడలోనే తోక దిండులా పెట్టుకుని పడుకుంది. ఎండువీ పచ్చివీ చూడకుండా, తక్కిన చెట్ల నీడలన్నీ అప్పటికి నక్కే కొట్టించేసింది. ఇప్పపూల మత్తు గురించి నాకంతగా తెలియదు, తెలిసిన మా బావమరిది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాడు.

కానీ పని మునుపటిలా లేదు కదా. అడిగీ అడగకముందే జవాబులొస్తుంటే ఎలుగు నల్లమద్దిని కాసేపట్లోనే ముగించేసింది. అటు కొమ్మ మీదినుంచి ఇటు కొమ్మ మీదికి, నేల తాకకుండానే ఇప్పచెట్టులోకి దాటేసింది.

"కింద ఎవరు?"

"కుందేలు, బండ వెనక!" అంది గోరింక. "ఎద్దు... వాగు ఒడ్డున! మేస్త్రి, వాగు అవతల! కొట్టు కొట్టు, వాన వస్తోంది!"

నల్లమద్ది కేకకు వెళ్లిన ఎద్దు ఇంకా నిజంగానే వాగు ఒడ్డున ఉంది. అక్కడినుంచి దానికి ఇప్పచెట్టు మొదట్లో ఎర్రటి తోక కనబడింది.

"ఆగు బామ్మర్దీ! మేస్త్రి కిందే ఉన్నాడు!"

పైన ఎలుగు గొడ్డలి ఆపింది. "ఏం బావా, ఇందాకే పలికావుగా? మళ్లీ ఇదేంటి?"

"ఇందాక పలికింది నేను కాదు!"

"నీ గొంతేగా?"

"గొంతు నాదే, నేను కాదు! మేస్త్రి నీ కింద పడుకున్నాడు!"

"పడుకున్నవాడు వాగు అవతలినుంచి ఎలా అరుస్తాడు? నీకు ఎండ దెబ్బ తగిలింది బావా. మేస్త్రీ, ఎక్కడున్నారు?"

అడిగిందే తడవు గోరింక అందుకుంది. "మేస్త్రి, వాగు అవతల! కొట్టు కొట్టు, వాన వస్తోంది!"

"విన్నావా? కొడుతున్నా!"

ఎద్దు పరుగెత్తింది. అది పరుగెత్తగలదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, దానికి కూడా. పైన కొమ్మ ఫెళ్లుమంటుండగా, మిగిలిన ఒక్క కొమ్ముతో నక్కను ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క నిద్రలోనే గాల్లోకి లేచి కాస్త అవతల పడింది. ఎద్దు అదే ఊపున పక్కకు దూకేసింది. కొమ్మ నేలకు దిగింది. నక్క మొత్తం బయట ఉంది, తోక తప్ప.

"ఎవడ్రా కొట్టమంది?" నక్క కీచుమంది.

ఎలుగు ఆకులు పక్కకు తోసి తొంగి చూసింది. "మీరే కదా మేస్త్రీ! రెండుసార్లు చెప్పారు. వాన వస్తోందని కూడా అన్నారు."

"నేనెక్కడ అన్నానూ!"

"మేస్త్రి, వాగు అవతల!" అంది గోరింక. దాని పని అది శ్రద్ధగా చేస్తోంది.

ఎలుగు గోరింకను చూసింది, నక్కను చూసింది, ఎద్దును చూసింది. చేతిలో గొడ్డలిని కూడా ఒకసారి చూసుకుంది. "అయితే బావా, ఇన్నాళ్లూ నేను ఎవరి నెత్తిన కొడుతున్నాను?" అంది. ఆ తర్వాత చెట్టు దిగడానికి దానికి చాలాసేపు పట్టింది.

ఏనుగు పెద్దమ్మ వచ్చి తొండంతో కొమ్మ లేపింది. తోక వచ్చింది గానీ, నలిగిన తాడులా వచ్చింది. తొలి చినుకులు అప్పుడే పడుతున్నాయి.

"పెద్దమ్మా," అంది నక్క మూలుగుతూ, "పని మాత్రం వానకు ముందే ముగిసింది. గుహ ఇస్తానన్నారు."

"ఇస్తానన్నాను. మేస్త్రికి." పెద్దమ్మ చెవులు ఊపింది. "పని ముగిసినప్పుడు మేస్త్రి ఎక్కడున్నాడు?"

నక్క నోరు తెరిచింది. చెట్టు కింద నిద్రపోయానంటే ఒక తంటా, వాగు అవతలినుంచి పని చూశానంటే ఇంకో తంటా. అది తేల్చుకునేలోపు గోరింక చెప్పేసింది.

"మేస్త్రి, వాగు అవతల!"

"నీ గొంతే అంటోంది," అంది పెద్దమ్మ. "గుహ వాగు ఇవతల ఉంది. నువ్వు అవతలే ఉండు."

చెవి కొస చీలిన కుందేలు ఆ గుహలో పిల్లల్ని పెట్టింది. ఎద్దును కూడా రమ్మంటే, ఆ వాకిట్లో తాను పట్టనంది.

ఏటా ఎండలు ముదరగానే ఎలుగు గొడ్డలి పట్టుకుని చెట్టెక్కుతుంది. పైనుంచి కేక వినబడుతుంది, ఎద్దు నింపాదిగా వాగుకు నడుస్తుంది, అందరూ ఓపిగ్గా ఆగుతారు. కానీ అందరికంటే ముందు, అడగని జవాబు ఒకటి వాగు అవతలి పొదల్లోంచి వస్తుంది. అది మాత్రం గోరింక కాదు.

"నక్క, వాగు అవతల! నిజంగానే!"

మీద పడబోయే కొమ్మకు ఎవడి జవాబు వాడే చెప్పుకోవాలి, మేస్త్రి అయినా సరే.