పింగళుడి ఏడంతస్తుల మేడ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు మీద పింగళుడనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో తనంతటివాడు లేడు. ఆ సంగతి తనే అందరికీ చెప్పుకునేవాడు.

గిజిగాళ్ళ పెళ్ళిలో జాతకాలు, బాజాలు ఉండవు పిల్లలూ. మగపిట్ట సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, పోచలు పీకి చూస్తుంది. నచ్చితే పెళ్ళి. నచ్చకపోతే మొహమాటం లేకుండా ఎగిరిపోతుంది. ఇదంతా పెద్ద వానలు పడేలోపే తేలిపోవాలి.

ఆ ఏడు ఎవరో అడవి చూడ్డానికొచ్చి పింగళుడి కొమ్మ పంగలో ఒక ఫోను పెట్టి మరిచిపోయారు. దానికి ఎండతో ఛార్జింగ్ ఎక్కించే పలక కూడా ఉంది. ఛార్జింగ్ అయిపోయే అదృష్టం కూడా లేదన్నమాట. అందులో ఒక ఆట. తెరను ముక్కుతో పొడిస్తే మేడ లేస్తుంది. లేవగానే బూరలు ఊది, "శభాష్ మహారాజా" అంటుంది. పుట్టి బుద్ధెరిగాక పింగళుణ్ణి ఎవరూ అంత మాట అనలేదు. ఇంకేముంది, ఆ ఆట మాయలో పడిపోయాడు.

కింది కొమ్మ మీద ఉండే తొండ తిరుపాలు తల ఆడిస్తూ అడిగాడు. "ఏరా, గూడు అల్లవా?"

"ఈ అంతస్తు అయిపోగానే, మామా."

"పోనీ, ఏమైనా తిన్నావా?"

"ఈ అంతస్తు అయిపోగానే."

"మబ్బులు పట్టాయిరా."

పింగళుడు ఒళ్ళు మండి తిరుపాలు తోకను పొడిచాడు. తర్వాత సిగ్గేసింది. ఆట మానేద్దామని ఒక పోచ అందుకుని ముడి వేశాడు. ఏ బూరా మోగలేదు. ఇంకో ముడి వేశాడు. ఎవరూ పొగడలేదు. చిరాకేసి పోచ వాగులో పారేసి మళ్ళీ ఫోను పట్టాడు.

అప్పుడు సువర్ణ వచ్చింది. పోయినేటి నుంచీ పింగళుడు మనసులో పెట్టుకున్న పిట్ట ఆమె.

"గూడేది?" అంది.

"గూడేమిటి, మేడే కట్టాను. ఏడంతస్తులు" అని తెర చూపించాడు.

సువర్ణ పాపం పద్ధతి ప్రకారం పీకి చూసింది. ముక్కు జారింది. లోపల దూరబోయింది. తల బొప్పి కట్టింది.

"గుడ్లు ఎక్కడ పెట్టను?"

"ఆగు, ఇంకో అంతస్తు లేస్తే గుమ్మం ఇస్తారు."

"పోయినేడు చూసిన నీ అల్లిక తలచుకుని ఇంత దూరం వచ్చాను పింగళా" అంది సువర్ణ. పక్క కొమ్మ మీద మరో గిజిగాడు అల్లిన వంకర గూట్లోకి వెళ్ళింది. వంకరే కానీ అందులో దూరడానికి దారుంది.

పింగళుడు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే ఎనిమిదో అంతస్తు లేపాడు.

సాయంత్రానికి వాన దంచికొట్టింది. పక్క గూట్లో సువర్ణ వెచ్చగా ముడుచుకుంది. పింగళుడు కొమ్మ మీద వణుకుతూ రెండు రెక్కలూ చాచి, తడవకుండా ఫోనును కప్పాడు.

"మరి నిన్నెవరు కప్పుతార్రా?" అన్నాడు తిరుపాలు.

పింగళుడికి ఆ మాట వినపడలేదు.

నీతి: ఊరికే దొరికే పొగడ్తకు అలవాటు పడ్డవాడికి, కడుపు నింపి తల దాచే పని చేదెక్కుతుంది.