పన్నీరు చల్లిన పెట్టె

ఇద్రీస్ ధాన్యపు కొట్టులోంచి బయటికి వచ్చాడు. అతని చేతులకు నెత్తురు అంటి ఉంది. అది అతనిది కాదు.

"బాబా, పిల్లల్ని తినేసింది," అన్నాడు. "కన్నతల్లే తినేసింది."

కమర్ బాబా ఎండలో కూర్చుని దుప్పటి చిరుగు కుట్టుకుంటున్నారు. ఆయన చేతిలో సూది ఆగింది.

"అన్నిటినీనా?"

"రెండు మిగిలాయి. ఇదిగో, నా టోపీలో ఉన్నాయి. ఇంకోదాన్ని దాని నోట్లోంచి లాక్కున్నాను. అప్పటికే ప్రాణం లేదు."

ఆ సూఫీ ఆశ్రమం మంచుకొండల మధ్య కనుమదారిలో ఉంది. బాటసారులకు రొట్టె, పడక ఇవ్వడం అక్కడివాళ్ల పని. గోధుమలు ఉన్నచోట ఎలుకలు ఉంటాయి కాబట్టి కొట్టులో ఫెర్రెట్‌ను పెంచుతున్నారు. ముంగిసలా పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు ఉన్న జంతువది. కొద్దిరోజుల కిందటే ఈనింది. బాబా దాన్ని చీకటి మూలన ఒక చెక్కపెట్టెలో ఉంచి ఇద్రీస్‌కు అప్పగించారు.

"మాంసం, నీళ్లు పెట్టు. పెట్టి వచ్చెయ్," అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఇద్రీస్‌కు అది చాలదనిపించింది. అతను అతిథుల గదులు చూసుకునే శిష్యుడు. వచ్చినవారికి రోజూ పక్కకింది గడ్డి మార్చాలి, పన్నీరు చిలకరించాలి, పూటపూటకూ వెళ్లి ఏం కావాలో అడగాలి. అది ఆ ఆశ్రమం ఆచారం. ఆ సేవలో ఇద్రీస్‌ను మించినవాడు లేడని బాటసారులు చెప్పుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది.

తల్లి ఫెర్రెట్‌కూ అలాగే చేశాడు. పెట్టెను కిటికీ కిందికి జరిపాడు. రోజూ మూత తీసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా అరచేతిలోకి తీసుకుని, పాత గడ్డి పారేసి కొత్తది పరిచాడు. పన్నీరు చల్లాడు. తల్లి బుసకొడితే మరింత ముద్దుగా పలకరించాడు.

ఇదంతా అతనే బాబాకు చెప్పాడు. తన వైపు లోపం లేదని చూపడానికి చెప్పాడు.

"మా అమ్మ కూడా నన్ను అంత శ్రద్ధగా చూసుకోలేదు బాబా. అయినా అది ఈ పని చేసింది. అది తల్లి కాదు."

"ఏం చేద్దామంటావు?"

"మన అతిథుల గదిలో దిగిన బొచ్చు వ్యాపారి సాయంత్రం కొండ దిగుతున్నాడు. ఇందాక కొట్టు కిటికీలోంచే పిలిచి అడిగాను, తీసుకుపోతానన్నాడు. దాని చర్మమైనా పనికొస్తుంది. ఈ రెంటికీ నేను గుడ్డతో పాలు పడతాను."

బాబా టోపీలోకి చూశారు. ఇంకా కళ్లు తెరవని, బొచ్చు సరిగా రాని రెండు పిల్లలు. గుడ్డతో పట్టే పాలతో అవి బతికే వయసు కాదు.

ఆయన లేచి, కొట్టు వెనక పారేసిన, తల్లి వాసన ఇంకా పోని పాత గడ్డి గుప్పెడు తీసుకుని అరచేతులకు రుద్దుకున్నారు. పిల్లల ఒంటికీ రుద్దారు. లోపలికి వెళ్లి, పెట్టెను మళ్లీ చీకటి మూలకు జరిపి, ఆ రెంటినీ తల్లి పక్కన వదిలి మూత వేశారు.

ఇద్రీస్ పెట్టె వైపు అడుగు వేశాడు. "వాటినీ తినేస్తుంది," అన్నాడు.

"సాయంత్రం దాకా కొట్టు తలుపు ఎవరూ తీయొద్దు," అన్నారు బాబా. "నువ్వు చేతులు కడుక్కుని నీ గదికి పో."

ఇద్రీస్ గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కళ్లు మూస్తే ఆ తల్లి ఫెర్రెట్ నోరే కనిపిస్తోంది. తలుపు తెరుచుకుంది. వంటవాడు రజబ్.

"ఎలా ఉన్నావు ఇద్రీసూ? లే, లే. గడ్డి మార్చాలి."

ఇద్రీస్ కూర్చుని ఉండగానే రజబ్ కింది నుంచి గడ్డి లాగేశాడు. కొత్తది పరిచి, పన్నీరు చల్లి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు.

"చీకట్లో కూర్చున్నావేం? కాస్త వెలుగులోకి రా." చంకల కింద చేతులు వేసి కిటికీ దగ్గరికి ఈడ్చాడు.

"రజబన్నా, నన్ను వదిలెయ్."

"వదిలేస్తే ఎలాగయ్యా? ఏమైనా తిన్నావా?"

ఇద్రీస్ గూట్లోంచి తన పిల్లనగ్రోవి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడాదిగా తయారు చేస్తున్నాడు దాన్ని. రెల్లు ఎండబెట్టి, రంధ్రాలు కాల్చి, నూనె పట్టించాడు. ఉరుసు రోజున మొదటిసారి ఊదాలని ఇంకా పెదవికి కూడా తాకించలేదు. దాన్ని పట్టుకుంటే మనసు కాస్త కుదుటపడింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. రజబ్ వచ్చి అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు. "ఏడ్చావా? ఏదీ, కళ్లు చూడనీ." ముఖం మీద పన్నీరు పడింది.

పిల్లనగ్రోవి రజబ్ చెవి పక్క నుంచి వెళ్లి గోడకు తగిలింది. నిలువునా చీలింది.



"అది... నేనే విసిరానా?" అన్నాడు ఇద్రీస్.

"మరి నేనా? తల పగిలేది." రజబ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్ను తిట్టుకోకు. బాబాయే పంపారు. ఇవాళ ఇద్రీస్ మన అతిథి, బాగా చూసుకో అన్నారు."

ఇద్రీస్ చీలిన రెల్లును చూశాడు. తర్వాత తన చేతిని చాలాసేపు చూశాడు.

సాయంత్రం వ్యాపారి సంచి పట్టుకుని వచ్చాడు. బాబా అతన్ని వెంటబెట్టుకుని కొట్టు దగ్గరికి నడిచారు. కొట్టు కిటికీకి బయటినుంచి, ఇద్రీస్ కప్పుకునే కంబళి కట్టి ఉంది. తలుపు మూసి ఉంది. దానికి వీపు ఆనించి గడప మీద ఇద్రీస్ కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఏదీ నీ జంతువు?" అన్నాడు వ్యాపారి. "మంచు మొదలైంది, నేను బయల్దేరాలి."

"ఇవ్వడం లేదు. మీరు వెళ్లిరండి."

"పొద్దున నువ్వే కదా, చర్మం ఒలుచుకోమని..."

"మెల్లగా మాట్లాడండి," అన్నాడు ఇద్రీస్.

వ్యాపారి బాబా వైపు చూశాడు. బాబా పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతను గొణుక్కుంటూ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"పిల్లలు బతికున్నాయా?" అడిగారు బాబా.

"చూడలేదు, బాబా."

బాబా వంగి, కాళ్లకున్న చెక్క పాంకోళ్లు విప్పారు. వాటిని చేత పట్టుకుని, మంచు పడ్డ రాళ్ల మీద వట్టికాళ్లతో, చప్పుడు కాకుండా వెళ్లిపోయారు.