నవారు పట్టీ

నాగులకొండ ఆశ్రమంలో ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే సచ్చిదానందులవారు "బియ్యం తెద్దాం పద" అనేవారు. ఇదేం జవాబని కొత్తవాళ్ళు నొచ్చుకునేవారు. పాతవాళ్ళు మాత్రం లేచి నవారు భుజాన వేసుకునేవారు. కొండమీదికి బండి రాదు మరి. పాత మంచాల నుంచి విప్పిన నవారు పట్టీతో మూటను వీపుకు కట్టుకొని ఆరువందల మెట్లు ఎక్కాల్సిందే. కట్టెల మోపుకైనా అదే పట్టీ, నీళ్ళ బిందెకైనా అదే, నడుం పట్టేస్తే నడుముకూ అదే. మనిషికి ఒక్కటి, పన్నెండు మూరలు.

ఆ రోజు ప్రశ్న శిష్యుడు భీమేశానిది. అతడి అన్న కోటిలింగం పక్షవాతంతో మంచం పట్టాడు. "ఒక్కసారి కనిపించి పోరా తమ్ముడూ, ఎన్నాళ్ళుంటానో తెలీదు" అని పక్కింటివాళ్ళ చేత రాయించిన ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. తండ్రి పోయినప్పుడు, తమ్ముడు బస్సు దిగేదాకా ఆగకుండా చితికి నిప్పుపెట్టింది ఈ అన్నే. కడచూపు దక్కలేదన్న కోపం పదకొండేళ్ళుగా భీమేశం కడుపులో రగులుతూనే ఉంది.

"స్వామీ, నేను అన్నీ తెంచుకొని వచ్చినవాణ్ణి. మళ్ళీ వెళ్ళి తగులుకోమంటారా?" అని అడిగాడు.

"బియ్యం తెద్దాం పద" అన్నారు గురువుగారు.

కొండకింద గురువుగారు తన మూటకు నవారు రెండు చుట్లు చుట్టి, భుజాల మీదుగా తెచ్చి, రొమ్ము మీద జారుముడి వేసుకున్నారు. కొస పట్టి లాగితే చాలు, ఊడి వస్తుంది. భీమేశం అలాంటి ముడులను నమ్మే రకం కాదు. పళ్ళు బిగించి లాగి, ముడిమీద ముడి, పీటముడి వేసుకున్నాడు. ఇక జన్మలో ఊడదని మురిసిపోయాడు కూడా.

సగం మెట్లు ఎక్కేసరికి వాన దంచికొట్టింది. మూటలకు పట్టా కప్పారు గనక బియ్యానికేం కాలేదు గానీ, నవారు తడిసి బిగుసుకుపోయింది. భీమేశానికి ఊపిరాడటం కష్టమైంది. దారిలోని మండపం చేరగానే గురువుగారు కొస లాగి మూట దించుకొని, హాయిగా చతికిలబడ్డారు. భీమేశం గోళ్ళతో పీకాడు, తల వంచి పంటితో పట్టాడు. ముడి కదిలితేనా!

"కాస్త ఓపిక పట్టు నాయనా. లాగొద్దు, ఎదురు తోసి చూడు" అన్నారు గురువుగారు.

"ఇది ఊడే ముడి కాదు స్వామీ!" అంటూ భీమేశం దారిలో ముళ్ళకంపలు కొట్టేందుకు మొలలో దోపుకున్న చిన్న కొడవలి తీసి, మడతల మధ్య దూర్చి ఒక్క ఊపు ఊపాడు. మూట ధబ్బున కిందపడింది, నవారు మూడు ముక్కలైంది. అబ్బ, ప్రాణం లేచి వచ్చింది. ఆ హాయి వాన వెలిసేదాకా ఉంది.

వాన వెలిశాక ఇంకా మూడువందల మెట్లున్నాయి. ఏ ముక్కా మూట చుట్టూ తిరిగి రాదు. చేసేది లేక ముక్కను ముక్కతో ముడేసి, రొమ్ము మీద మళ్ళీ ముడేసి మోశాడు. ఆ అతుకు ముడులు సరిగ్గా భుజాల మీదికే వచ్చాయి. పైకి చేరేసరికి తోలు లేచిపోయింది.

గురువుగారే దగ్గర కూర్చోబెట్టుకొని నూనె రాశారు.

"ఎన్ని ముడులేశావు?"

"మూడు స్వామీ."

"విప్పాల్సినవి?"

"ఒక్కటే" అన్నాడు భీమేశం. కళ్ళ నీళ్ళు దాచుకోలేదు. "వెళ్తే ఏం మాట్లాడను స్వామీ? పదకొండేళ్ళయింది. వాణ్ణి చూస్తే మళ్ళీ నాన్నే గుర్తొస్తాడు."

గురువుగారు నూనె గిన్నె పక్కన పెట్టారు.

"గంటసేపు తడిసిన ముడికే అంత బిగువుంది. పదకొండేళ్ళదంటే గోళ్ళు నొప్పెడతాయి. పొద్దున్నే బస్సుంది, వెళ్ళు" అన్నారు. భీమేశం లేచి గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచారు.

"కొడవలి మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు."