దానయ్య పూసిన తెల్ల ముద్ద

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. రాజులు పోయారు, ఊళ్ళకి కరెంటు స్తంభాలు వచ్చాయి, పడవలకి ఇంజన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ నడిమి కాలం. సముద్రం ఒడ్డున గవ్వలపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో దానయ్య అని ఒక జాలరి. జాలరి అన్నాను గానీ, పడవెక్కితే అతనికి కడుపులో తిప్పేసేది. నవ్వకండి. నవ్వితే కథ ఆపేస్తాను.

మొదటిసారి పడవెక్కాడు, కక్కాడు. రెండోసారి ఎక్కాడు, కక్కాడు. మూడోసారి ఎక్కకముందే కక్కాడు. దాంతో ఊరంతా అతన్ని ఒడ్డు దానయ్య అని పిలవడం మొదలుపెట్టింది. పాపం, పలికేవాడు కూడా.

ఆ ఊరి ముందర ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. మొగకి రెండు పక్కలా నీళ్ళ కింద రాళ్ళు. ఆకాశం తేటగా ఉంటే పడవలకి దారి కనిపిస్తుంది. మబ్బు కమ్మి వాన కొట్టిందా, ఒడ్డేదో రాయేదో తెలీదు. అందుకని మొగ పక్కన స్తంభం పాతి, దాని మీద కరెంటు కూత పెట్టించారు. మీరు సైరను అంటారే, అదే. గాలి మారితే ఒడ్డున ఉన్నవాడు పాకలో కూర్చుని స్విచ్చి నొక్కాలి. కూ... కూ... కూ... అని కూస్తుంది. ఆ కూత పట్టుకుని పడవలు రాళ్ళు తప్పించుకుని వచ్చేస్తాయి. మరి ఎప్పుడూ ఒడ్డునే ఉండే మగవాడెవడు? ఇంకెవడు, మన దానయ్యే. ఊరి కులపెద్ద, గురువులు అని ఒకాయన, ఆ పని అతనికి అప్పజెప్పాడు. దానయ్య పొంగిపోయాడు. ఊరికి తనూ పనికొచ్చాననుకున్నాడు.

ఒకనాడు గాలి మారింది. దానయ్య స్విచ్చి నొక్కాడు. కిర్రు లేదు, కుర్రు లేదు. మళ్ళీ నొక్కాడు, గట్టిగా నొక్కాడు, కిర్రు లేదు, కుర్రు లేదు. అతని తమ్ముడు ఎర్రయ్య పడవ పోయి రాతికి తగిలింది. పలకలు విడిపోయాయి. మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకి పడ్డారు గనక సరిపోయింది. దానయ్యని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుణ్ణని అతను ఇసకలో కూర్చుని ఏడ్చాడు.

స్తంభం కింద పెట్టె తెరిచి చూస్తే ఏముంది? తీగలు కలిపిన చోట పచ్చగా చిలుము. సముద్రపు గాలి కదా, ఉప్పు మోసుకొస్తుంది. ఆ ఉప్పు తేమ రాగిని తినేసింది. తీగకి తీగ తగలకపోతే కరెంటు ఎక్కడ నడుస్తుంది?

అతని పెళ్ళాం పోలమ్మ నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. "ఏటి మావా అలా సూత్తావు? బిందెకి చిలుము పడితే నానేటి సేత్తాను? సింతపండు, ఉప్పు ఎట్టి తోమనా? ఇదీ రాగే గదా."

తోమింది. రాగి తళతళలాడింది. కూత కూసింది, ఊరు నవ్వింది, మళ్ళీ చిలుము పట్టింది. ముందుకంటే ఎక్కువే పట్టింది. బిందెనయితే తోమాక నీళ్ళు పోసి కడుగుతాం. కరెంటు పెట్టెలో బిందెడు నీళ్ళు ఎవరు పోస్తారు? పులుపూ ఉప్పూ తీగ సందుల్లోనే ఉండిపోయాయి.

రెండోసారి గీకి, పాత గుడ్డ గట్టిగా చుట్టారు. కూత కూసింది, ఊరు నవ్వింది, మళ్ళీ చిలుము పట్టింది. గుడ్డ సముద్రపు తేమంతా తాగి కూర్చుంది మరి.

మూడోసారి పడవ పలకలకి పూసే సొరచేప నూనె తెచ్చి పూశారు. కూత కూసింది, ఊరు నవ్వింది. ఎండకి నూనె కారిపోయింది. ఊళ్ళో పిల్లులన్నీ స్తంభం చుట్టూ చేరాయి. మళ్ళీ చిలుము పట్టింది.

గురువులు దానయ్యని పిలిచాడు. "ఒరే దానియ్యా, తుపాన్ల కాలం వొచ్చీసింది. నీ కూతని నమ్ముకుని మగోళ్ళు ఏటకి ఎల్తన్నారు. అది కూయకపోతే ఎంతమంది ఇంటికి రారో సెప్పు."

దానయ్య ఇంటికి పోయాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పుడు చేపల లారీ వచ్చింది. దాని డ్రైవరు మస్తాను దక్షిణపు జిల్లాలవాడు. ఐసు కరిగి, చేపల ఉప్పునీరు బండి వెనక ధారకట్టి కారుతోంది. వెనక లైటు మీదినుంచే కారుతోంది. లైటు మాత్రం ఎర్రగా వెలుగుతోంది. దానయ్య అటు చూశాడు, ఇటు చూశాడు, బండి కిందికి దూరాడు.

"ఏందన్నా, నా బండి కింద నీకేం పని?" అన్నాడు మస్తాను.

"బాబూ, నా కూత గాలి తగిల్తేనే సచ్చిపోతంది. నీ లైటు ఉప్పునీటిలో తానం సేస్తా ఎలా ఎలుగుతంది?"

మస్తాను నవ్వి, సీటు కిందనుంచి ఒక గొట్టం తీశాడు. నొక్కితే తెల్లగా, జిగురుగా ముద్ద వచ్చింది. వెన్న అనుకునేరు, ఒక రకం గ్రీజు. ఎండకి కరగదు, నీళ్ళకి కడుక్కుపోదు. "దీనిలో కరెంటు పారదన్నా. నీళ్ళు దూరవు. ముందు ఫ్యూజు పీకు, ప్రాణం ముఖ్యం. తర్వాత తోము. ఆరబెట్టు. బిగించు. తీగా తీగా గట్టిగా పట్టుకోవాల, మధ్యలో సందు ఉండకూడదు. అప్పుడు చుట్టూ ఇది పూయి. గాలి కూడా లోపలికి రాదు." గొట్టం దానయ్య చేతిలో పెట్టి బండెక్కేశాడు.

దానయ్య పరిగెత్తాడు. ఫ్యూజు పీకాడు. తోమాడు. ఆర్చాడు. బిగించాడు. తీగ ముడి కనిపించకుండా తెల్ల ముద్ద పూశాడు. ఊరికి ఊరే చుట్టూ మూగింది.

గురువులు ముద్దని చూసి, దానయ్య నోట మస్తాను మాటలు విని, కళ్ళెర్రజేశాడు. "కరెంటు పారనీయదంటన్నావు. పారనీయనిదాన్ని తెచ్చి కరెంటు నోట్లో కుక్కినావా? తుడిచీరా."

"పారాల్సిన కాడ తీగే ఉంది బాబూ. ఇది సుట్టూ ఉంది. కాపలా."

"తుడిచీమన్నానా?"

జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పని దానయ్య పెట్టెకి అడ్డంగా నిలబడ్డాడు. "తుడవను బాబూ. కూయకపోతే నన్ను పడవకి కట్టీసి సముద్రం మీదికి తోలీండి."

దానయ్య నోట పడవ మాట రాగానే జనం గొల్లుమన్నారు. గురువులుకి కూడా నవ్వాగలేదు. "సరే, కట్టీడానికి తాడు నానే తెస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఇక చూడండి. పడవలన్నీ వేటలో ఉన్న రోజున, మిట్టమధ్యాహ్నం ఆకాశం నల్లబడిపోయింది. గాలి ఒక్క ఊపున లేచింది. తాటాకు కప్పులు లేచిపోయాయి. వాన కత్తిపీటలా తెగ్గొడుతోంది. ఆడవాళ్ళంతా మొగ దగ్గరికి పరుగెత్తారు. సముద్రం ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో తెలీడం లేదు. దానయ్య పాకలోకి దూకి స్విచ్చి మీద వేలు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. నొక్కాడు.

కూ... కూ... కూ...

కూసిందర్రా! ఆడవాళ్ళు ఒక్క కేక పెట్టారు. అంతలో తాటిచెట్టంత అల వచ్చి స్తంభం మీద విరుచుకుపడింది. పెట్టె మూత ఎగిరి ఎటో పోయింది. తీగ ముళ్ళ మీద సముద్రపు నీళ్ళు బక్కెట్లతో కొట్టినట్టు కొట్టాయి. పోలమ్మ చెవులు మూసుకుంది, ఆగిపోతుందేమోనని. ఆగలేదు. రెండో అల కొట్టింది, కూత ఆగలేదు. మూడో అల కొట్టింది, కూత ఆగలేదు. నీళ్ళు ముద్ద మీద పడి జారిపోతున్నాయి.

ఒక పడవ వచ్చింది. వెనక ఇంకొకటి. తర్వాత గుంపుగా వచ్చాయి. పేర్లు పెట్టి పిలుస్తున్నారు, పిలిచినవాళ్ళు పలుకుతున్నారు. గురువులు పడవా వచ్చింది. పలకలు మళ్ళీ బిగించుకున్న ఎర్రయ్య పడవ మాత్రం రాలేదు. దానయ్య వేలు తియ్యలేదు. "వొచ్చీరా తమ్ముడా, వొచ్చీరా," అని గొణుక్కుంటూ నొక్కి పట్టుకునే ఉన్నాడు. అందరూ ఆశ వదులుకున్నాక, వానలోంచి ఎర్రయ్య పడవ ముక్కు కనిపించింది.

ఎర్రయ్య తడిసిన బట్టలతోనే పాకలోకి వచ్చాడు. "అన్నియ్యా, అందరం వొచ్చీసినాం. సెయ్యి తియ్యి." వేలు రాలేదు. బిగుసుకుపోయింది. తమ్ముడే అన్న వేలిని స్విచ్చి మీదినుంచి మెల్లగా విడదీశాడు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు.

వాన తగ్గాక గురువులు ఫ్యూజు తీయించి, గోరుతో కాస్త ముద్ద గీకి చూశాడు. లోపల రాగి కొత్త బిందెలా మెరుస్తోంది. వేలు తుడుచుకుని, "ఒరే, ఇది ఇంకాస్త ఉందేటి? నా ఇంజనుకి కూడా పూయాల," అన్నాడు.

ఆనాటినుంచి ఊళ్ళో ఎక్కడ తీగ కలిపినా దానయ్య రావలసిందే. పడవ ఇంజనుకి, ఇంటి ముందు బల్బుకి, ఐసు మిల్లు మోటారుకి మస్తాను తెచ్చిచ్చే గొట్టాలతో అతనే పూసేవాడు. అలా పూస్తూ పూస్తూ ముసలివాడై, ఒక పొద్దున నిద్రలోనే పోయాడు.

ఆ పొద్దున ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు, అల లేదు. పడవలన్నీ దూరంగా వేటలో ఉన్నాయి. పోలమ్మ ఎవరికీ చెప్పకుండా పాకలోకి వెళ్ళి స్విచ్చి నొక్కింది. కూ... కూ... కూ... సముద్రం మీద మగవాళ్ళు తలెత్తి చూశారు. మబ్బు లేదు, కూత ఎందుకు? అయినా దానయ్య కూత తప్పుగా కూయదు కదా. వలలు సగంలో లాగేసి అందరూ తిరిగొచ్చారు. ఒడ్డుకి వచ్చాక సంగతి తెలిసింది. వల పాడయిందని గానీ, వేట పోయిందని గానీ ఒక్కడూ గొణగలేదు. అందరూ కలిసి దానయ్య పాడె మోశారు.

ఇప్పటికీ గవ్వలపాలెంలో తీగ కలిపేవాడు నిచ్చెనెక్కితే, కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ళు అడుగుతారు. "తోమినావా?" "తోమినాను." "ఆర్సినావా?" "ఆర్సినాను." "బిగించినావా?" "బిగించినాను." అప్పుడు పైవాడు బొటనవేలితో తెల్ల ముద్ద అద్ది, "దానియ్య పేరు సెప్పి పూసేసినాను," అంటాడు. అతను దిగాక కిందవాళ్ళు నిచ్చెన వదిలి, "అయితే అందరూ ఇంటికి వొచ్చేస్తారు," అంటారు.