పనిలేని రెండో దారి

పని లేకుండా ఖాళీగా ఉన్నది మనిషైనా సరే, వస్తువైనా సరే, కంటబడితే చాలు ఒళ్లు మండిపోయే సన్యాసిరావు విశాఖపట్నంలో ఒక డేటా సెంటర్‌కి పెద్ద ఇంజనీరుగా ఉండేవాడు. గేటు దగ్గర కాపలా మనిషి కుర్చీలో కూర్చుంటే తప్పు. క్యాంటీన్లో రెండో పొయ్యి వెలగకపోతే తప్పు. "ఊరికే కూచోబెట్టి మేపడానికి ఇదేమన్నా సత్రమా?" అనేవాడు. పోనీ, పొదుపరి కాబోలు అనుకుందామా అంటే అదీ కాదు. తన కళ్లకు కనబడని పని అసలు పనే కాదనుకునేవాడు. అదీ అతని జబ్బు.

ఆ డేటా సెంటర్లో ఇనప పెట్టెల్లాంటి సర్వర్లు వరసగా ఉండేవి. ఒక్కో సర్వర్లో పదీ పన్నెండూ వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లు, ఒకే ఇంట్లో అద్దెకున్న కాపురాల్లా, దేని పని అది చేసుకుంటూ ఉండేది. వాటిలో ఒకటి ఆసుపత్రుల మెషీను. పాడేరు పైనున్న కొండల్లోని చిన్న ఆసుపత్రుల నర్సులు, విశాఖలోని పెద్ద డాక్టర్లు ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేది దాని ద్వారానే. ఏదైనా సర్వర్ పాడయ్యేలా ఉంటే అందులోని మెషీన్‌ని ఆపకుండానే, నడుస్తున్నది నడుస్తున్నట్టే, ఇంకో సర్వర్‌కి మార్చేవారు.

అందుకోసమే ప్రతి మెషీన్‌కీ రెండు నెట్‌వర్క్ దారులు ఉండేవి. మొదటిది మహా వేగం. కానీ అది సర్వర్ పెట్టెకి బిగించిన కార్డు, పెట్టెను వదిలి రాదు. రెండోది నెమ్మది. కానీ మెషీను ఎక్కడికెళితే అక్కడికి వెంట వస్తుంది. రెండిటికీ అడ్రసు ఒక్కటే. మార్చేటప్పుడు వేగమైన కార్డు పీకేస్తారు, ఆ కాసేపూ నెమ్మది దారి భారం మోస్తుంది, కొత్త పెట్టెలోకి చేరాక మళ్లీ వేగమైన కార్డు తగిలిస్తారు. మాట్లాడుకుంటున్న వాళ్లకి ఏదో మారిందని కూడా తెలియదు. మిగతా రోజులన్నీ ఆ రెండో దారి ఖాళీగా ఉంటుంది.

ఖాళీగా! ఇంక చెప్పాలా?

ఒకరోజు రిపోర్టు చూస్తూ సన్యాసిరావు తాడెత్తున లేచాడు. "ఏడాదిగా ఈ రెండో దారిలో ఏమీ నడవలేదు! తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు. ఎవరు పెట్టారిది?"

నెట్‌వర్క్ పనులన్నీ చూసే నూకరత్నం లేచి నిలబడింది. పదిహేనేళ్లుగా అదే పనిలో తలపండిన మనిషి.

"నేనే సార్. మెషీను మార్చేటప్పుడు కావాలని."

"మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం సార్."

"అర నిమిషం పనికి ఏడాదంతా మేపుతావా?"

"ఆ అర నిమిషంలో అవతల ఎవరు మాట్లాడుతుంటారో మనకి తెలీదు కదా సార్."

"నాకే చెప్తున్నావా?" అన్నాడు సన్యాసిరావు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సాయంత్రానికల్లా అన్ని మెషీన్లకీ రెండో దారి తీయించేశాడు. దుబారా అరికట్టానని పైవాళ్లకు రాశాడు. వాళ్లు శభాష్ అని జవాబిచ్చారు. ఎందుకివ్వరు? కొండ మీద కాన్పుల గది ఎలా ఉంటుందో వాళ్లలో ఒక్కడైనా చూశాడా?

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న పదకొండింటికి నూకరత్నం గబగబా వచ్చింది.

"ఒక సర్వర్‌కి ఫ్యాన్లు ఆగిపోయాయి సార్. ఇరవై నిమిషాల్లో వేడెక్కి పెట్టె ఆగిపోతుంది. ఆసుపత్రుల మెషీను అందులోనే ఉంది."

"అయితే వేరే పెట్టెకి మార్చెయ్."

"కార్డు తగిలి ఉండగా మార్చడం కుదరదు. పీకేద్దామంటే రెండో దారి లేదు, ఇప్పుడు పెట్టే వ్యవధీ లేదు. ముందు విశాఖ ఆసుపత్రికి ఒక్క ఫోను చేద్దాం సార్. వాళ్ల ఏర్పాటు వాళ్లు చేసుకుంటారు."

ఫోను చేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే, రెండో దారి నేనే తీయించానని చెప్పుకోవాలి. ఆ తలంపుకే సన్యాసిరావుకి తల కొట్టేసినట్టయింది.

"అర నిమిషానికి ఊరంతా చాటింపు వెయ్యాలా?" అంటూ తనే కంప్యూటర్ ముందు కూర్చుని కార్డు పీకేసి, మెషీన్‌ని మార్చేశాడు.

మెషీను అర నిమిషంలోనే మారింది. కానీ కొత్త పెట్టెలోని కార్డు అడ్రసు వేరు, పాత అడ్రసు మోసుకొచ్చే రెండో దారి లేదు. మెషీను ఆ కార్డుని గుర్తుపట్టలేదు. సన్యాసిరావు ఒకటికి నాలుగుసార్లు తగిలించాడు, పీకాడు. లాభం లేకపోయింది. అంతలో బల్ల మీది ఫోను మోగింది.

"ఎవరండీ అక్కడ? నేను డాక్టర్ మణిమాలని. కొండ మీద ఇప్పుడే ఒక కాన్పయింది. బిడ్డ బాగుంది, తల్లికి రక్తం ఆగడం లేదు. నర్సు ఒక్కతే ఉంది. చెయ్యి ఎక్కడ అదమాలో చెప్తుండగా తెగిపోయింది. ఆ ఊళ్లో ఫోన్లు పలకవు!"

"ఒక్క నిమిషం మేడం..."

"నిమిషాల్లేవు! బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు. నా గొంతు ఆమెకి వినబడితే చాలు. గొంతైనా ఇవ్వండయ్యా!"

ఒక్క గొంతు మొయ్యడానికి ఆ నెమ్మది దారి ఎంతైనా సరిపోయేది. ఆ సంగతి సన్యాసిరావుకి బాగా తెలుసు. అడ్రసులో ఒకటి కొట్టబోయి ఒకటి కొట్టాడు. చివరికి నూకరత్నం అతని కుర్చీని పక్కకి నెట్టి, తనే అడ్రసులు కలిపింది. అప్పటికి పదకొండు నిమిషాలైంది.

ఆ తల్లి పేరు బుద్రి. ఇరవై రెండేళ్ల పిల్ల, తొలి కాన్పు. డాక్టర్ గొంతు తిరిగి వినబడ్డాక నర్సు చెయ్యి చోటు మార్చింది, రక్తం కాస్త నెమ్మదించింది. విశాఖ తీసుకొచ్చి ప్రాణం నిలబెట్టారు. కానీ అందుకు గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. ఆ పదకొండు నిమిషాలు పోకుండా ఉంటే ఆ అవసరం వచ్చేది కాదని డాక్టర్ మణిమాల కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

సన్యాసిరావు మర్నాడు పైవాళ్లకు రిపోర్టు రాశాడు. 'ఫ్యాన్లు పాడైనందువల్ల అంతరాయం కలిగినది.' అంతే! చదివిన నూకరత్నానికి ఒళ్లంతా భగ్గుమంది.

"ఫ్యాన్లన్నాక పాడవుతాయి సార్. పాడవుతాయనేగా రెండో దారి పెట్టుకున్నాం? వెళ్లి ఆ పిల్ల మంచం దగ్గర నిలబడి ఇదే మాట చెప్పి రండి. చెప్పగలిగితే కింద నేనూ సంతకం పెడతాను."

సన్యాసిరావు ఆసుపత్రికి వెళ్లాడు. బుద్రి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. పక్కన ఆమె మొగుడు బొంజుబాబు, కొండ మీది నర్సు కాసులమ్మ ఉన్నారు. వచ్చింది డేటా సెంటర్ పెద్ద ఇంజనీరని ఎవరో చెబితే విని బొంజుబాబు లేచి రెండు చేతులూ జోడించాడు.

"మీ మిసన్లోంచి డాక్టరమ్మ మాటాడబట్టే మా బుద్రి బతికింది బాబూ."

తిట్టినా సన్యాసిరావు భరించేవాడేమో గానీ ఆ దణ్ణం భరించలేకపోయాడు. ఫ్యాన్ల మాట నోటికి రాలేదు. రెండో దారి సంగతి, దాన్ని తానెందుకు తీయించాడో ఆ సంగతి, ఫోను చెయ్యకుండా మార్చేసిన సంగతి అన్నీ చెప్పేశాడు.

కాసులమ్మ దిగ్గున లేచింది.

"పనిలేదని తీసీసినారా? నాను నెలకి నాలుగు కాన్పులు సేత్తాను బాబూ. మిగతా రోజులు ఆ గదిలో ఖాళీగానే కూకుంటాను. మరి నన్నూ తీసీండి! పదకొండు నిమిషాలు ఈ సేతుల్తో ఈ పిల్ల పేనం పట్టుకు కూకున్నాను. సెయ్యి సరైన సోట ఉందో నేదో సెప్పడానికి ఒక్క గొంతు నేదు!"

జోడించిన చేతులు బొంజుబాబు మెల్లగా దించేశాడు.

సన్యాసిరావు తిరిగొచ్చి ఆ రిపోర్టు చింపేసి, జరిగింది జరిగినట్టు తన పేరు మీద రాశాడు. అన్ని మెషీన్లకీ రెండో దారి మళ్లీ పెట్టించాడు. వారం తిరక్కుండా పైవాళ్లు అతన్ని ఆ కుర్చీలోంచి తప్పించారు. కానీ బుద్రికి పోయింది మాత్రం ఎవరూ తెచ్చివ్వలేకపోయారు.

ఆపద వేళ కోసం ఉంచినదాన్ని ఖాళీ రోజుల్లో చూసి పనికిరాదని తీసిపారేయకూడదు. తీసేసినవాడికి పోతే కుర్చీ పోతుంది, తీరని నష్టం దాన్ని నమ్ముకున్నవాళ్లది.